సీతాకోకచిలుక చలి కాచుకునే వేళ

ప్రశ్న: చలి పూర్తిగా పోకముందే సీతాకోకచిలుకలు కనిపిస్తాయని విని, వారం రోజులుగా తెల్లారకముందే కెమెరా తీసుకుని బయల్దేరుతున్నాను. పక్షుల ఫొటోలు తీసే స్నేహితులు పొద్దున్నే వెళ్లమన్నారు. ఒక్కటీ కనబడలేదు. మరీ ముందుగా మొదలుపెట్టానా?

జవాబు: నెల సరైనదే, గంటే తప్పు. పక్షికి ఒంట్లోనే వేడి పుడుతుంది, అందుకే సూర్యుడి కంటే ముందు లేచి కూస్తుంది. సీతాకోకచిలుకకు ఆ వేడి చాలావరకు బయటి నుంచే రావాలి. బాగా ఎగరాలంటే ఛాతీలో రెక్కలాడించే కండరాలు సుమారు 30 డిగ్రీల వరకు వేడెక్కాలి, బయట గాలి 14 డిగ్రీలే ఉన్న రోజున ఆ మిగతా వేడంతా అది ఎండలో కూర్చుని సంపాదించుకోవాల్సిందే. కాబట్టి హాయిగా పడుకుని లేచి, ఎండ కాస్త ముదిరాక పదీ పదిన్నరకు వెళ్లండి. బ్రిటన్‌లో 1976 నుంచి ఏటా సీతాకోకచిలుకల లెక్క తీస్తున్నారు, అక్కడ నియమం ఏమిటంటే 13 డిగ్రీల కంటే తక్కువుంటే ఆ రోజు లెక్కకు వెళ్లకూడదు, 13 నుంచి 17 మధ్య ఉంటే ఎండ బాగా ఉండాలి. మీరూ అదే పాటిస్తే సగం తిరుగుడు తగ్గుతుంది.

చోటు విషయానికొస్తే, గాలి తగలకుండా ఎండ మాత్రమే తగిలే మూల ఎక్కడుందో వెతకండి. ఎండ పడే గోడ, రాళ్ల కుప్ప, చెట్ల వరుస పక్కన ఎండుటాకులు పేరుకున్న బాట, పడిపోయిన చెట్టు దుంగ. వాటి మీద చెయ్యి పెట్టి చూడండి, మీ అరచేతికి వెచ్చగా తగిలితే అక్కడే నిలబడండి. మబ్బు కమ్మిందా, ఎగిరేవన్నీ ఒక్క నిమిషంలో మాయమైపోతాయి, ఎండ తిరిగి రాగానే మళ్లీ కనిపిస్తాయి. మబ్బు పట్టగానే ఇంటికి తిరిగొచ్చేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఇంకో పది నిమిషాలు ఆగితే దొరికేవి.

ప్రశ్న: చెట్లకి ఆకులే రాలేదు, పూలు లేవు. మరి ఈ మొదటి సీతాకోకచిలుకలు ఎక్కడి నుంచి వస్తాయి?

జవాబు: కొన్ని ఎక్కడి నుంచీ రావు, చలికాలమంతా మీ పక్కనే ఉన్నాయి! చలి దేశాల్లో ఒక్కో జాతి ఒక్కో దశలో శీతాకాలం గడుపుతుంది, కొన్ని గుడ్డుగా, కొన్ని గొంగళిపురుగుగా, కొన్ని ప్యూపాగా, అంటే గొంగళిపురుగు రెక్కలున్నదిగా మారే మధ్య దశలో. మౌర్నింగ్ క్లోక్, బ్రిమ్‌స్టోన్, కామా, పీకాక్ లాంటి జాతులు మాత్రం రెక్కలతోనే, చెట్టు బెరడు సందుల్లోనో, దట్టమైన తీగల్లోనో, చెట్టు తొర్రల్లోనో కదలకుండా ఉండిపోతాయి. వెచ్చటి రోజు రాగానే ముందు లేచేవి ఇవే. మౌర్నింగ్ క్లోక్ అయితే నేల మీద మంచు ఇంకా కరగకుండానే ఎగురుతుంది. దాని రెక్కలు ముదురు గోధుమ ఎరుపు రంగులో ఉంటాయి, అంచున లేత పసుపు పట్టీ, ఆ ముదురు రంగే ఎండని తొందరగా పీల్చుకోవడానికి పనికొస్తుంది. దానికి పూల అవసరం కూడా పెద్దగా లేదు, చెట్టు గాయం నుంచి కారే రసం తాగేస్తుంది. కాబట్టి పూలే వెతక్కుండా రసం కారుతున్న మానులు కూడా చూడండి. విల్లో చెట్ల కంకులు, డాండెలైన్ పూలు విచ్చుకున్నాయంటే ఇక మిగతావీ వాటి దగ్గరే దొరుకుతాయి.

ఫొటోలో రెక్కల అంచులు చిరిగి, రంగు వెలిసి ఉంటే అది పాతది, చలికాలం దాటి వచ్చినది. రంగు మెరిసిపోతూ అంచులు చెక్కు చెదరకుండా ఉంటే చాలావరకు ఈమధ్యే ప్యూపాలోంచి బయటికి వచ్చినదే. నాకైతే ఆ చిరిగిన రెక్కలవే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: నాలుగడుగుల దూరంలోకి వెళ్లగానే ఎగిరిపోతోంది. ఒకవేళ కూర్చున్నా ఫొటో మసకగా వస్తోంది, సగం రెక్క స్పష్టంగా, సగం అలుక్కుపోయి. నా దగ్గర ఒక మామూలు కెమెరా, ఫోన్ ఉన్నాయి. కొత్త లెన్స్ కొనాలా?

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. మీ సమస్య సగం నడకలో ఉంది.

సీతాకోకచిలుక కంటికి వివరం తక్కువ, కదలిక మాత్రం బాగా తెలుస్తుంది. పైగా నీడ దాని మీద పడిందంటే అయిపోయినట్టే, ఎందుకంటే అది కూర్చున్నదే ఎండ కోసం. ముందు సూర్యుడు ఎటున్నాడో చూసుకుని మీ నీడ వేరే పక్కకి పడేలా నిలబడండి. తర్వాత ఒంగి, వీలైతే మోకాళ్ల మీద, ఒక్కో అడుగూ నెమ్మదిగా. చేతులు పక్కకి ఊపకండి, కెమెరాని ముందే కంటి దగ్గర పెట్టుకుని కదలండి, దగ్గరికెళ్లాక ఒక్కసారిగా పైకెత్తితే ఎగిరిపోతుంది. దూరం నుంచే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, రెండడుగులు వేశాక ఇంకోటి. ఏదో ఒకటి చేతిలో ఉందంటే టెన్షన్ తగ్గుతుంది, టెన్షన్ తగ్గితే నడకా నెమ్మదిస్తుంది.

ఎగిరిపోయిందనుకోండి, వెంటపడొద్దు. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. పోయిన ఏడాది ఒక దుంగ మీద కామా కూర్చుని ఉంది, దగ్గరికెళ్లగానే లేచిపోయింది. నేను అక్కడే, దుంగకి రెండు మూడడుగుల దూరంలో, నేల మీద కూర్చుండిపోయాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి సరిగ్గా అదే బెరడు ముక్క మీద వాలింది. దాటిపోతున్న ఒక తేనెటీగని తరుముకుంటూ మళ్లీ లేచింది, మళ్లీ అదే చోటుకి వచ్చింది. మగవి ఇలా ఒక చోటు పట్టుకుని కాపలా కాస్తాయి. మూడోసారి వచ్చినప్పుడు రెక్కలు సన్నగా వణికించి, వీపు ఎండకి తిప్పుకుని, రెక్కలు పూర్తిగా పరిచేసింది. ఆ రెక్కల అంచులు ఎవరో కాగితం చేత్తో చింపినట్టు వంకరటింకరగా ఉంటాయి, ఒంటి మీద గోధుమ రంగు నూగు వెంట్రుకలు ఎండకి మెరుస్తున్నాయి. చలి కాచుకుంటున్నంతసేపూ అది నన్ను పట్టించుకోలేదు. ఎండ ముదిరిన మొదటి గంటలో, ఇంకా ఒళ్లు వేడెక్కని సీతాకోకచిలుకే మీకు దొరికే అవకాశం. మధ్యాహ్నానికి చురుగ్గా అయిపోతే ఎంత ఖరీదు లెన్స్ ఉన్నా కష్టమే.

ఇక మసక సంగతి. దగ్గర్నుంచి తీసేటప్పుడు ఫోకస్‌లో ఉండే మందం కొన్ని మిల్లీమీటర్లే. కెమెరాని రెక్కల తలానికి సమాంతరంగా పట్టుకుంటే రెక్క మొత్తం ఆ మందంలో ఇమిడిపోతుంది, ఏటవాలుగా పట్టుకుంటే మీరు చెప్పినట్టు సగమే వస్తుంది. రెక్కలు పరిచి ఉంటే పై నుంచి, మూసి ఉంటే పక్క నుంచి తీయండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర, షట్టర్ స్పీడ్ 1/500 లేదా అంతకన్నా వేగంగా పెట్టండి, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచండి, కాస్త గరుకుగా వచ్చినా ఫర్వాలేదు, అదిరిన ఫొటోని మాత్రం ఏమీ చేయలేం. ఫోకస్ కంటి మీద ఉండాలి. తెల్లవీ పసుపువీ ఎండలో తెల్లగా పాలిపోతాయి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీస్తే రెక్కల ఈనెలు కనిపిస్తాయి. ఫోన్‌లో అయితే వేళ్లతో లాగి జూమ్ చేయకండి, టెలిఫొటో లెన్స్ ఉంటే అది వాడండి, లేకపోతే మామూలుగానే తీసి తర్వాత కత్తిరించుకోండి.

బ్రిమ్‌స్టోన్ రెక్కలు విప్పితే తీద్దామని గంటలు కూర్చోకండి, అది వాలినప్పుడు ఎప్పుడూ రెక్కలు మూసే ఉంచుతుంది, చలి కూడా పక్కకి వాలి రెక్క అడుగు భాగం ఎండకి పెట్టి కాచుకుంటుంది. వెనక నుంచి ఎండ పడేలా తీయండి, పచ్చటి ఆకు వెలిగినట్టు ఉంటుంది.

ప్రశ్న: పట్టుకుని కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా కూర్చుంటుంది, ఫొటో బాగా వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: కదలకుండా ఉంటుంది, నిజమే, కదలలేదు కాబట్టి. దయచేసి చేయకండి. ఎండలో అరగంట కష్టపడి కూడబెట్టుకున్న వేడిని లాగేసి, పిట్టో సాలీడో వస్తే తప్పించుకోలేని స్థితిలో దాన్ని ఆకు మీద పెట్టడం అది. ఆ ఫొటోలు చూస్తే తెలిసిపోతుంది కూడా, కాళ్లు ఆకుని సరిగ్గా పట్టుకోవు, మీసాలు వేలాడుతుంటాయి.

ప్రశ్న: చలికాలంలోనే ఇంట్లో కిటికీ దగ్గర ఒక సీతాకోకచిలుక రెక్కలు కొట్టుకుంటోంది. బయటికి వదిలేయనా?

జవాబు: ఇంట్లో వేడికి తొందరగా మేలుకుంది. బయట ఎండగా, వెచ్చగా ఉంటే వదిలేయండి. గడ్డకట్టే చలైతే అట్టపెట్టెలోకి ఎక్కించి అరగంట చల్లటి చోట ఉంచండి, శాంతించాక హీటర్ లేని షెడ్డులో గోడ మీద వదలండి, వసంతంలో బయటికి పోవడానికి దారి మాత్రం ఉండాలి. రెక్కలు వేళ్లతో పట్టుకోవద్దు, మీ వేళ్లకి అంటే పొడి దాని రెక్కల పొలుసులే. కాగితం ముందు పెడితే అదే ఎక్కుతుంది.

ప్రశ్న: తెల్లటి సీతాకోకచిలుక ఫొటో పంపాను. పై నుంచి చూస్తే మామూలు తెల్లదే, రెక్కల కొసల్లో కొంచెం నలుపు. మూసినప్పుడు మాత్రం అడుగున ఆకుపచ్చ మచ్చలు. ఏమిటది?

జవాబు: ఆరెంజ్ టిప్, ఆడది. నారింజ రంగు కొసలు మగదానికే ఉంటాయి, అందుకే చాలామంది ఆడదాన్ని వేరే ఏదో అనుకుంటారు. మూసిన రెక్కలది కూడా తీశారు, చాలా మంచి పని, అది లేకపోతే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆ ఫొటోని బాగా పెద్దది చేసి మచ్చలు చూడండి. ఆకుపచ్చ అసలు ఉండదు. పసుపు పొలుసులు, నల్ల పొలుసులు పక్కపక్కనే కలిసి మన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. అది వాలిన పువ్వు కక్కూ ఫ్లవర్ (తడి నేలల్లో పెరిగే లేత ఊదా పూల మొక్క) అయితే రేపు మళ్లీ అక్కడికి వెళ్లి, పూల కింద సన్నటి కాడల మీద వెతకండి. సాధారణంగా ఒక పూల గుత్తికి ఒకే గుడ్డు పెడుతుంది, మొదట్లో పాలిపోయి ఉంటుంది, రెండు మూడు రోజుల్లో నారింజ రంగుకి తిరుగుతుంది, అప్పుడు దొరకడం తేలిక. దొరికితే ఫొటో పంపండి, కాడ తుంచకుండా.