వి2299 జోలికి వెళ్లే ముందు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిముల్లో నీకు కళ్లజోళ్లకి కోడ్లు వేసే పని ఇచ్చారన్నావు. కొత్తవాళ్లు అందులో తడబడేది వి2299 అన్న కోడు దగ్గరే. స్పెషాలిటీ బైఫోకల్ (దూరానికీ దగ్గరికీ రెండు పవర్లుండే ప్రత్యేక లెన్సు) అన్న దాని పేరు చూసి, కాస్త తేడాగా కనిపించిన ప్రతి లెన్సునీ అందులో పడేస్తారు. ఇంకే కోడూ అతకనప్పుడే అది వాడాలి. బై రిపోర్ట్ కోడు, అంటే స్థిరమైన ధర లేనిది కాబట్టి, మనం పంపిన వివరణ చూసే డబ్బు కడతారు.

ముందు ప్రిస్క్రిప్షన్ చదువు. ఏ కన్నుకి ఆ కన్నే. సిలిండర్ (ఆస్టిగ్మాటిజం సరిచేసే పవర్) లేకపోతే వి2200 నుంచి 2202, ఉంటే 2203 నుంచి 2214. కుడి +2.00 −0.75, ఎడమ +4.50 −1.00 అనుకో; మొదటి అంకె స్ఫియర్ (లెన్సు అసలు పవర్), రెండోది సిలిండర్. కుడికి స్ఫియర్ 4.00 లోపే కనుక వి2203, ఎడమకి 4.00 దాటింది కనుక వి2207. యాడ్‌ని (దగ్గర చూపుకి ఇచ్చే అదనపు పవర్) స్ఫియర్‌లో కలపకు. డాక్టరు ప్లస్ సిలిండర్‌లో రాస్తే మరీ జాగ్రత్త (× తర్వాతది సిలిండర్ కోణం): +3.50 +1.00 × 90 అన్నదే మైనస్‌లోకి మారిస్తే +4.50 −1.00 × 180. పవర్ అదే, కోడు మాత్రం 2203 నుంచి 2207కి జరిగింది. ల్యాబ్ ఆర్డరు ఒకలా, క్లెయిము ఇంకోలా ఉంటే ఆడిట్‌లో అడుగుతారు.

తర్వాత అదనపు కోడ్లు. సెగ్మెంట్ (లెన్సులో దగ్గర చూపు భాగం) వెడల్పు 28 మి.మీ. దాటితే వి2219. దాటితేనే సుమా! పై అంచు తిన్నగా ఉండే ఫ్లాట్‌టాప్ సెగ్మెంట్ 28కి రాదు, 35కి వస్తుంది. యాడ్ 3.25 దాటితే వి2220. ప్రిజంకి (కాంతిని పక్కకి వంచేది) వి2715, స్లాబ్ ఆఫ్‌కి (రెండు కళ్ల పవర్ తేడా సర్దడానికి ఒక లెన్సులో చెక్కే ప్రిజం) వి2710, లెంటిక్యులర్ బైఫోకల్‌కి (మధ్య భాగంలోనే పవర్ ఉండేది) వి2221 ఉండనే ఉన్నాయి.

ఇవన్నీ చూశాక 2299 తప్పకపోతే, నోట్ గడిలో లెన్సు రకం, తయారీదారు, మోడల్, ధర రాయి. ఎలక్ట్రానిక్ క్లెయిములో దానికి 80 అక్షరాలే చోటు, పొట్టి మాటల్లో సరిపెట్టాలి. ల్యాబ్ ఇన్‌వాయిస్, మామూలు బైఫోకల్ ఎందుకు చాలదో చెప్పే డాక్టరు నోటు ఫైల్లో ఉంచు.

మెడికేర్ (ముఖ్యంగా వయసు మళ్లినవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) అయితే క్లెయిము డీఎంఈ మ్యాక్‌కి, అంటే వైద్య పరికరాల క్లెయిములు చూసే కాంట్రాక్టరుకి వెళ్తుంది. ఆర్‌టీ (కుడి), ఎల్‌టీ (ఎడమ) మాడిఫయర్లు వేర్వేరు లైన్లలో, ఒక్కో యూనిట్‌గా వెయ్యి. ఒకే లైన్లో రెండు వేస్తే తిరిగొస్తుంది. శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో లెన్సు పెట్టినవాళ్లకి, ఒక్కో ఆపరేషన్ తర్వాత ఒక్క జోడే ఇస్తారు, డయాగ్నోసిస్ కోడు జెడ్96.1. రెండు ఆపరేషన్ల మధ్య జోడు తీసుకోకపోతే రెండోదాని తర్వాత మొత్తానికి ఒకటే. సర్వీసు తేదీగా ఆర్డరు ఇచ్చిన రోజు కాదు, జోడు పేషెంటు చేతికి అందిన రోజు వెయ్యి.