నలభై దాటాక ఆన్‌లైన్ వ్యాపారం: ఫల్గుణి నాయర్ ఏం చేశారు?

కర్నూలులో ఇంటివద్దనే ఎమ్మిగనూరు చేనేత బట్టలు అమ్ముతున్న ఒక సోదరి, నలభై దాటాక ఆన్‌లైన్ వ్యాపారంలోకి దిగి నిలదొక్కుకున్న మహిళలు ఉన్నారా అని అడిగారు. సౌందర్య సాధనాలను ఆన్‌లైన్‌లో అమ్మే నైకా సంస్థ వ్యవస్థాపకురాలు ఫల్గుణి నాయర్ ఉన్నారు.

అహ్మదాబాద్ ఐఐఎంలో చదివి, ఆర్థిక సంస్థ కోటక్ మహీంద్రాలో దాదాపు రెండు దశాబ్దాలు పనిచేసి, ఇతరుల కంపెనీలను స్టాక్ మార్కెట్‌కు తీసుకువెళ్లడంలో ఆరితేరిన ఆమె, 2012లో, తన 49వ ఏట, సొంత సంస్థను ప్రారంభించారు. ఆ అనుభవమూ పరిచయాలూ అందరికీ ఉండవన్నది నిజమే.

అయితే నా దృష్టిలో అసలు కీలకం ఆమె ఎంచుకున్న పద్ధతిలో ఉంది. సౌందర్య సాధనాల్లో నకిలీల బెడద ఎక్కువ కనుక, ఎవరి సరుకునైనా అమ్మిపెట్టే సంతలా కాక, బ్రాండ్ల నుంచీ అధీకృత పంపిణీదారుల నుంచీ తామే కొని, తమ గోదాముల్లో నిల్వ చేసి అమ్మడానికి నైకా ప్రాధాన్యమిచ్చింది. ఇందులో పెట్టుబడి సరుకు రూపంలో ఇరుక్కుపోతుంది, అమ్ముడుపోనిది మిగిలితే నష్టం మనదే. కానీ కొనేవారికి నమ్మకం కుదురుతుంది. తరువాత దుకాణాలు, 2018లో దుస్తుల విభాగం వచ్చాయి. 2021 నవంబరులో సంస్థ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది.

మరమగ్గం బట్టను చేనేతగా అంటగట్టడం మన వైపూ ఉన్నదే కాబట్టి, మీరు మొదట నేతగాళ్ల దగ్గర నేరుగా కొన్న కొద్దిపాటి సరుకుకే పరిమితమై, దానికి అసలైన చేనేత అని తెలిపే ప్రభుత్వ చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్) ఉండేలా చూసుకోండి.