గ్రూప్ రైడ్‌లో వెనకబడిపోతున్నారా? మీరు ఎక్కడ ఉండి తొక్కుతున్నారో ముందు చూసుకోండి

ఒంటరిగా అయితే సైకిల్ మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు తొక్కగలుగుతున్నా, గ్రూపుతో వెళ్తే గంట గడవకముందే వెనకబడిపోతున్నానని మీలో ఒకరు రాశారు. మొదటి ఏడాదంతా నా పరిస్థితీ ఇదే. కాళ్లలో బలం చాలట్లేదనుకుని వారమంతా గట్టిగా తొక్కేవాణ్ని. ఆదివారం రైడ్‌కి అలసిపోయిన కాళ్లతోనే వెళ్లేవాణ్ని.

అసలు ఇబ్బంది నేను ఎప్పుడూ అందరికంటే చివర ఉండటం. కొత్తవాణ్ని కదా, ఎవరికీ అడ్డు రాకూడదనుకునేవాణ్ని. చివర ఉంటే తేలిక అనిపిస్తుంది కానీ మలుపులు వచ్చాయంటే కష్టమే. ముందువాళ్లు మలుపు తిరిగి వేగం అందుకునేసరికి చివరివాడి చెయ్యి ఇంకా బ్రేకు మీదే ఉంటుంది. తర్వాత వాళ్లను అందుకోవడానికి ఒక్కసారిగా బలమంతా పెట్టాలి. ఇరవై మలుపులుంటే ఇరవై సార్లు! పది మంది గ్రూపులో మూడు, నాలుగు స్థానాల్లో తొక్కడం మొదలుపెట్టాక, అదే బలంతో చివరిదాకా నిలబడగలిగాను.

రెండోది, ముందు సైకిల్‌కీ మీకూ మధ్య దూరం. గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగం కంటే చాలా త్వరగా పెరుగుతుంది. 25 నుంచి 30కి వెళ్తే గాలి కోసమే దాదాపు 70 శాతం ఎక్కువ పెట్టాలి. ముందువాళ్ల చాటున ఉంటే అందులో చాలా భాగం మిగులుతుంది. ఆ దూరం ఒక మీటరు పెరగగానే మెల్లగా దగ్గరికి వెళ్లిపోండి. పది మీటర్లయ్యాక ఎదురుగాలిలో అందుకోవడం చాలా కష్టం. అలాగని మీ ముందు చక్రాన్ని వాళ్ల వెనక చక్రం పక్కకి మాత్రం ఎప్పుడూ పోనివ్వకండి, తగిలితే పడేది మీరే. చూపు ఆ చక్రం మీద కాకుండా వాళ్ల భుజాల మీద ఉంచండి.

ఎత్తు వచ్చే ముందే గ్రూపు ముందు భాగానికి చేరుకోండి. ఎక్కేటప్పుడు కాస్త వెనక్కి జారినా ఇంకా గ్రూపులోనే ఉంటారు. గేరు కూడా ఎత్తు మొదలవకముందే తగ్గించుకోవాలి.

ఆకలయ్యేదాకా ఆగకండి. అరగంటకోసారి కొంచెం తినండి, నీళ్లు తాగుతూ ఉండండి. ముందు తొక్కే వంతు వస్తే వేగం పెంచకుండా ఒక్క నిమిషం తొక్కి పక్కకి తప్పుకోండి. చివరి సైకిల్ మిమ్మల్ని దాటకముందే మళ్లీ పెడల్ మీద బలం పెట్టండి, నేను ఎక్కువసార్లు గ్రూపుని పోగొట్టుకున్నది సరిగ్గా అక్కడే.