నా దృష్టిలో రేచెల్ కార్సన్, ఎందుకంటే మాది పత్తి పండించే ఊరు

పర్యావరణ ఉద్యమాన్ని అందరికంటే ఎక్కువ ప్రభావితం చేసిందెవరు అని అడిగిండ్రు. ఇట్ల అడిగితే చాలామంది చిప్కో ఉద్యమం సుందర్‌లాల్ బహుగుణ, కెన్యాల చెట్లు నాటించిన వంగారి మథాయ్, మన వనజీవి రామయ్య గారి పేర్లు చెప్తరు, ఆదిలాబాద్ దిక్కు వాళ్లయితే జల్ జంగల్ జమీన్ అని కొమురం భీమ్ పేరు చెప్తరు. అందరూ చెప్పుకోవాల్సినోళ్లే. కానీ వీళ్ల పేరెత్తితే మనకు ముందు యాదికొచ్చేది అడవి, చెట్టు. మాది పరకాల దగ్గర ఊరు, మా దగ్గర అడవి లేదు, ఎటు చూసినా పత్తి చేన్లే. అందుకే నేను రేచెల్ కార్సన్ పేరు చెప్తా, పర్యావరణం అనే మాటను అడవిలకెళ్లి చేన్లకు, మనం తినే కంచంల దాకా తెచ్చింది ఆమెనే అని నా నమ్మకం.

ఆమె అమెరికాకు చెందిన సముద్ర జీవశాస్త్రవేత్త, మంచి రచయిత. విమానంతో డీడీటీ అనే పురుగుల మందు చల్లినంక మా ఇంటి దగ్గర పిట్టలు చచ్చిపోతున్నయని 1958లో ఒక స్నేహితురాలు ఉత్తరం రాస్తే, ఆ విషయం పట్టుకుని నాలుగేండ్లు కూసొని 1962లో సైలెంట్ స్ప్రింగ్ పుస్తకం తెచ్చింది. అందులో ఒక సంగతి నేను ఎప్పటికీ మర్చిపోను. ఎల్మ్ చెట్ల తెగులును మోసే పురుగు చావాలని చెట్లకు డీడీటీ కొట్టిండ్రు, ఆ ఆకులు రాలి కింద పడ్డయ్, వానపాములు వాటిని తిన్నయ్, తర్వాత వచ్చిన రాబిన్ పిట్టలు ఆ వానపాములను తిని వణుక్కుంట చచ్చిపోయినయ్. పిట్ట మీద ఎవ్వరూ మందు కొట్టలే! మందుల కంపెనీలు ఆమె మీద ఎంత దుష్ప్రచారం చేసినా, రొమ్ము క్యాన్సర్ ఉన్నా బయటికి చెప్పుకోకుండా 1963లో సెనేట్ కమిటీ ముందు పోయి మాట్లాడింది, మరుసటేడే చనిపోయింది. అమెరికాలో డీడీటీని ఆపింది 1972లో, అది ఆమె చూడలే. మలేరియా దోమలను చంపే మందును బంద్ పెట్టించి జనాన్ని చంపిందని ఇప్పటికీ కొందరు అంటరు, అది అన్యాయం, అడ్డగోలుగా చల్లొద్దని చెప్పింది కానీ మందే వద్దని ఆమె అనలే.

ఇగ మా వరంగల్ సంగతి. 1997-98లో పత్తికి లద్దె పురుగు పడితే ఏ మందుకూ లొంగలే. ఒక మందు పని చేయకపోతే ఇంకోటి, రెండు మూడు కలిపి కొట్టుడు, అంతా ఉద్దెరకు తెచ్చుడే, ఆఖరికి పంటా పోయింది, అప్పు మిగిలింది, ఎంతోమంది రైతులు ఆ మందే తాగి పాణం తీసుకున్నరు. మా బాపు కూడా ఎర్ర త్రికోణం, అంటే అన్నిటికంటే ఎక్కువ విషమని గుర్తు ఉన్న డబ్బాలే తెచ్చేటోడు, పంపు వీపుకేసుకుని మూతికి తువ్వాల చుట్టుకుని కొట్టేటోడు, సాయంత్రం ఆ తువ్వాల ఉతికితే అవ్వ చేతులు మండేవి.

తర్వాత తర్వాత బాపు వేపగింజల కషాయానికి మారిండు, ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టిండు, పురుగులను పత్తి మీదికి రాకుండా అటు గుంజనీకి చేను గట్లకు ఆముదం చెట్లు, నడుమ నడుమ బంతి. వాటితోపాటు పత్తి కంటే ఎత్తుగా అడ్డకర్ర కట్టిన కట్టెలు పాతిండు, పిట్టలు వాలనీకి. నేను గట్టు మీద కూసొని చూసేటోణ్ని, పాలపిట్ట ఆ కర్ర మీద కదలకుండా కూసుంటది, తల ఒక్కటే తిప్పుతది, ఒక్కసారి కిందికి దూకి పురుగును పట్టుకొచ్చి అదే కర్రకు రెండు మూడు దెబ్బలు కొట్టి మింగుతది. దసరా నాడు ఊరంతా పాలపిట్ట కోసం ఎతుకుతం కదా, పురుగుల మందు కొట్టిన చేన్ల ఆ పిట్ట తినేది ఆ పురుగులనే, మరి అది ఎట్ల బతకాలె?

ఒక్క రైతు మారితే పక్క చేను మందు గాలికి ఇటే వస్తది. ఊరంతా కలిసి మారొచ్చని చూపెట్టింది జనగామ దగ్గర లింగాల ఘన్‌పూర్ మండలం ఏనబావి, అప్పట్ల అది వరంగల్ జిల్లానే. పురుగు మందులే కాదు రసాయన ఎరువులు కూడా వద్దని 2006లో ఊరు ఊరే చెప్పుకున్నది. కార్సన్ గురించి చదివినోళ్లు ఏనబావి గురించి కూడా తెలుసుకోవాలె, పర్యావరణాన్ని కాపాడినోళ్లు అంటే ఆ రైతులను కూడా ఈ లిస్టులనే చేర్చాలె అంటా నేను. పోవాలనుకుంటే వానాకాలంల పంట మీదున్నప్పుడు పోయి, కషాయాలు ఎట్ల కాస్తరో వాళ్లనే అడగండి.