మా బాబు ‘నేను వేస్ట్’ అంటున్నాడు... కాన్ఫిడెన్స్ పెంచితే మార్కులు వస్తాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గాజువాక. మా బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. టెన్త్‌లో స్కూల్ ఫస్ట్ వచ్చినోడు, ఇప్పుడు వీకెండ్ టెస్టుల్లో బాగా వెనకబడిపోయాడు. ‘నేను వేస్ట్ అమ్మా, నా వల్ల కాదు’ అంటున్నాడు. ముందు కాన్ఫిడెన్స్ పెంచండి, మార్కులు అవే వస్తాయంటున్నారు అందరూ. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో వెయ్యమంటారా?

జవాబు: అమ్మా, ఆ క్లాసుకి అప్పుడే డబ్బులు కట్టకండి. 2003లో బామైస్టర్ అనే సైకాలజిస్టు, ఇంకో ముగ్గురు కలిసి అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ అంతా ముందేసుకుని చూశారు, ఆత్మగౌరవానికీ (అంటే తన మీద తనకుండే మంచి అభిప్రాయానికీ) చదువుకీ సంబంధం ఉంది గానీ అదేమంత గట్టిది కాదని తేలింది, అది కూడా కొంతవరకు బాగా చదివినందుకు నమ్మకం పెరగడమే తప్ప నమ్మకం ఎక్కించేస్తే మార్కులు పెరిగినట్టు కనపళ్ళేదు. ‘నువ్వు తెలివైనోడివిరా, నీకేం తక్కువ’ అని పొగడటం కూడా కొంచెం తగ్గించండి. 1998లో మ్యుల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాల్లో తెలివిని పొగిడిన పిల్లలే కష్టమైన పజిల్స్ రాగానే తొందరగా డీలాపడ్డారు, కష్టపడ్డావని మెచ్చుకున్నవాళ్ళు పట్టు వదల్లేదు.

ఇంకోటి, ఇప్పుడు మీ వాడి పక్కన కూర్చునేవాళ్ళలో చాలామంది ఏదో ఒక స్కూల్ ఫస్టే. వాడి బుర్ర మారలేదమ్మా, పోల్చుకునే మనుషులు మారారంతే. ఈ మాట వాడికి సూటిగా చెప్పండి.

ఈ ఆదివారం పోయిన టెస్టు ఫిజిక్స్ పేపర్ తీసి పక్కన కూర్చోండి, మీకు ఫిజిక్స్ రాకపోయినా పర్లేదు. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన అసలు తెలీదా, తెలిసీ యూనిట్లలోనో మైనస్ గుర్తులోనో పోయిందా, టైమ్ చాల్లేదా అని వాణ్ణే రాయమనండి. తెలిసీ పోయినవి కొన్నయినా ఉంటాయి, ముందు వాటినే పట్టుకోమనండి, వచ్చే టెస్టులో ఆ నాలుగు మార్కులు వెనక్కొస్తే వాడికి వాడి మీద వచ్చే నమ్మకం ఏ క్లాసులోనూ దొరకదు. ర్యాంకు మాత్రం భోజనాల దగ్గర ఎత్తకండి, వాడు మీ బిడ్డ, ర్యాంకు ఎంతైనా అన్నం ఒకేలా పెడతారని వాడికి తెలియాలి.

నిద్ర ఎనిమిది గంటలు తగ్గకూడదు. బోర్డు సరిగ్గా కనపడుతోందో లేదో కళ్ళు కూడా చూపించండి.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, తిండీ నిద్రా పాడైనా సైకియాట్రిస్టుకి చూపించండి, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ‘నేను ఉండి ఏం లాభం’ లాంటి మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా ఫ్రీగా మాట్లాడతారు, తెలుగులోనే.