షాంఘైలో ఒక్క పగలు: ముందు పాస్‌పోర్టు చూసుకో, తర్వాత టికెట్టు

చి. సౌ. స్వాతికి,

బాబాయి ఆశీస్సులు. డిసెంబరులో అమెరికా నుంచి షాంఘై, ఢిల్లీల మీదుగా విజయవాడ వచ్చే టికెట్టు చవగ్గా దొరుకుతోందనీ, మధ్యలో దిగి ఊరు చూడొచ్చా అనీ అడిగావు. చూడొచ్చు. కానీ "చైనాలో పది రోజులు వీసా అక్కర్లేదట" అన్న మాట పట్టుకుని టికెట్టు కొనేయకు. ఆ మాట అమెరికా పాస్‌పోర్టున్న మీ పాపకు వర్తిస్తుంది, భారత పాస్‌పోర్టులున్న నీకూ అల్లుడుగారికీ వర్తించదు.

ఆ పది రోజులంటే, 2024 డిసెంబరు 17న మొదలైన 240 గంటల వీసా లేని ట్రాన్సిట్ (దారిలో ఆగి వెళ్లే) సౌకర్యం. అది అప్పట్లో 54 దేశాల పాస్‌పోర్టులకు ఇచ్చారు. 2025 జూన్‌లో ఇండోనేషియా కలిసి 55 అయ్యాయి. జాబితాలో అమెరికా ఉంది, ఇండియా లేదు. మీ చేతిలో హెచ్-1బి ఉన్నా, రేపు గ్రీన్‌కార్డు వచ్చినా, వాళ్లు చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదనే. భారత పాస్‌పోర్టుకు వీసా లేకుండా దొరికేది 24 గంటల ట్రాన్సిట్. అందుకని మీ ముగ్గురి ప్లానూ మీ ఇద్దరి 24 గంటలను పట్టే నడవాలి. పాపకు పది రోజులుంటే ఏం లాభం, ఒక్కతే ఉండలేదు కదా!

గంటలు లెక్కపెట్టే పద్ధతిలోనూ తేడా ఉంది. 240 గంటలైతే దిగిన మర్నాడు సున్నా గంటల నుంచి మొదలవుతాయి. 24 గంటలు దిగిన క్షణం నుంచే నడుస్తాయి. ఇంటర్నెట్టులో అమెరికా పాస్‌పోర్టు వాళ్లు రాసింది చదివి "రేపటి నుంచి కదా లెక్క" అనుకుంటే మునిగిపోతారు. టికెట్టు మీద దిగే టైముకీ ఎగిరే టైముకీ మధ్య 20 గంటలు దాటనివ్వకు. 23 గంటల 40 నిమిషాల లేఓవరు (రెండు విమానాల మధ్య ఆగే సమయం) కాగితం మీద సరిపోతుంది కానీ, చెక్-ఇన్ కౌంటరులో పిల్లాడు దాన్ని చూసి జంకుతాడు. ఆపైన విమానం గంట ఆలస్యమైతే గడువు దాటిపోతుంది.

వచ్చిన దేశం ఒకటి, వెళ్లే దేశం మరొకటి అయి ఉండాలి. అమెరికా–షాంఘై–ఢిల్లీ సరే. అమెరికా–షాంఘై–అమెరికా కుదరదు. హాంకాంగ్‌ను ఈ లెక్కలో వేరే చోటుగానే చూస్తారు. ముందుకెళ్లే టికెట్టులో సీటు ఖాయమై ఉండాలి, వెయిట్‌లిస్టు పనికిరాదు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద తీసుకో. విడివిడిగా కొంటే సామాను షాంఘైలో తీసుకుని మళ్లీ వెయ్యాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్లకు బాధ్యత ఉండదు. సామాను వేసేటప్పుడు ట్యాగు మీద చివరి ఊరి కోడ్ పడిందో లేదో నీ కళ్లతో చూసుకో. షాంఘై కోడ్ మాత్రమే పడితే అక్కడే అడుగు, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. చైనాలోనే రెండు ఊళ్లలో మారే టికెట్టు ఎంత చవకైనా వద్దు.

షాంఘైలో విమానాశ్రయాలు రెండు, పుడోంగ్, హోంగ్‌చియావ్. దిగేదీ ఎక్కేదీ రెండూ పుడోంగ్‌లోనే ఉండేలా చూసుకో.

ఇప్పుడు అసలు లెక్క. పొద్దున ఆరింటికి దిగి రాత్రి తొమ్మిదింటికి ఎక్కుతారనుకో. కాగితం మీద పదిహేను గంటలు. దిగి, వేలిముద్రలిచ్చి, అనుమతి తీసుకుని బయటపడేసరికి ఏడున్నర, ఎనిమిది. ఊళ్లోకి చేరేసరికి తొమ్మిది. వెనక్కి సాయంత్రం ఆరింటికల్లా విమానాశ్రయంలో ఉండాలి, అంటే ఊళ్లో నాలుగున్నరకే బయల్దేరాలి. పదిహేనింటిలో చేతికొచ్చేది ఏడున్నర. ఎనిమిది గంటల లేఓవరైతే ఇదే లెక్క వేసి చూడు, గంట కూడా మిగలదు. అప్పుడు బయటికి రాకుండా లోపలే కూర్చోవడం మేలు. ఇంకో సంగతి, డిసెంబరులో షాంఘైలో ఐదింటికే పొద్దుగూకుతుంది, నది ఒడ్డున దీపాలు ఆ తర్వాతే. అవి చూడాలంటే రాత్రి పదకొండు దాటాక ఎగిరే విమానం వెతుక్కో.

దిగగానే "ఇంటర్నేషనల్ ట్రాన్స్‌ఫర్" బాణం వెంట పోవద్దు, అది నేరుగా తర్వాతి విమానం దగ్గరికి తీసుకుపోతుంది. ఇమ్మిగ్రేషన్ వైపు నడిచి, మామూలు విదేశీయుల క్యూలో కాకుండా 24 గంటల ట్రాన్సిట్ కౌంటరు ఎక్కడో అడిగి అక్కడ నిలబడు. తప్పు క్యూలో ముప్పావుగంట నిలబడ్డాక వెనక్కి పంపిస్తారు, జనం ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. అరైవల్ కార్డు 2025 నవంబరు 20 నుంచి ఆన్‌లైన్‌లోనే నింపుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. డబ్బడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు. 14 ఏళ్లు దాటినవాళ్లకే వేలిముద్రలు, పాపకు అక్కర్లేదు. ముగ్గురి ముందుకెళ్లే టికెట్లూ కాగితం మీద ప్రింటు తీసి ఉంచు. పాప ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) చేతి సంచిలోనే ఉండాలి. ఇండియాలో దిగే హక్కు ఆ పిల్లకు ఉందని చూపించేది అదే, పెద్ద సూట్‌కేసులో పెడితే కౌంటరు దగ్గరే ఆగిపోతారు. బయటికి పంపాలా వద్దా అన్నది చివరికి ఆ అధికారి ఇష్టం. కాదంటే వాదించకు.

బయటపడ్డాక మాగ్లెవ్ ఎక్కండి, అయస్కాంత శక్తితో పట్టాకు తగలకుండా తేలుతూ పోయే రైలు అది. 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో వెళ్తుంది, పాప జన్మలో మర్చిపోదు. టికెట్టు 50 యువాన్లు, ఆ రోజు విమాన టికెట్టు చూపిస్తే 40. అది లోంగ్‌యాంగ్ రోడ్డు దాకానే వెళ్తుంది, అక్కడ మెట్రో రెండో లైను పట్టుకుని తూర్పు నాన్‌జింగ్ రోడ్డులో దిగితే బండ్ అనే నది ఒడ్డుకు నడిచిపోవచ్చు. అదే రెండో లైను విమానాశ్రయం నుంచే ఉంది, చవక, కాకపోతే గంటకు పైనే పడుతుంది. మెట్రోలో ఎక్కినచోటల్లా సంచులు స్కానింగులో పెట్టాలి, ఆ టైము కూడా కలుపుకో. హాల్లో "టాక్సీ, టాక్సీ" అని వెంటపడేవాళ్లను పట్టించుకోకు.

ఒక పగటికి రెండు మూడు చోట్లు చాలు. బండ్, యూ గార్డెన్ (సోమవారం మూసేస్తారు), 632 మీటర్ల షాంఘై టవరు కింద నిలబడి తలెత్తి చూడ్డం. నది దాటడానికి టూరిస్టు పడవ అక్కర్లేదు, జనం రోజూ ఎక్కే ఫెర్రీకి 2 యువాన్లే. నాన్‌జింగ్ రోడ్డులో చక్కటి ఇంగ్లీషులో పలకరించి "టీ తాగుదాం రండి" అనే కుర్రాళ్లతో వెళ్లొద్దు, బిల్లు చూశాక గుండె ఆగుతుంది.

డబ్బు సంగతి. ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ నడవవు. ఇంటి దగ్గరే అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ వేసుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ కలుపుకో. కార్డు కలిపేటప్పుడు ఓటీపీ వస్తుంది, ఆ నంబరు ఉన్న సిమ్ చేతిలో ఉన్నప్పుడే ఈ పని ముగించు. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపైతే అదనపు రుసుము లేదు, దాటితే 3 శాతం. అల్లుడుగారి ఫోనులోనూ వేయించు, ఒక ఫోను ఛార్జింగ్ అయిపోతే టీ కూడా కొనలేరు. 300 యువాన్ల నోట్లు జేబులో ఉంచుకోండి. అక్కడి వైఫైలో వాట్సాప్, జీమెయిల్, గూగుల్ మ్యాప్స్ రావు. మీ అమెరికా సిమ్ రోమింగ్‌లో ఉంటే మామూలుగా వస్తాయి. అయినా హోటలు పేరూ విమానాశ్రయం పేరూ చైనా లిపిలో ఫోటో తీసి పెట్టుకో, టాక్సీవాడికి చూపించడానికి.

తిండి దగ్గర నీకు ఇబ్బందే. కూరగాయల కూర అని రాసి ఉన్నా పంది కొవ్వో, కోడి పొడో, ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాసో పడుతుంది. "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేస్తారు, రుచికి వేసేవి మాత్రం వేస్తారు. బౌద్ధుల శాకాహార హోటళ్లే నయం. పశ్చిమ నాన్‌జింగ్ రోడ్డులోని గోంగ్‌దలిన్ 1922 నుంచి నడుస్తోంది, పీపుల్స్ స్క్వేర్ స్టేషనుకు దగ్గర. వేడినీళ్లు మాత్రం విమానాశ్రయంలో ఎక్కడ పడితే అక్కడ ఉచితం, ఒక ఫ్లాస్కు తెచ్చుకో. పాపకు కప్పు నూడుల్స్‌కు పనికొస్తుంది. చలి కోట్లు కూడా పెద్ద పెట్టెలో వేసేయకండి, ఆ పెట్టె నేరుగా ఢిల్లీ పోతుంది.

విమానం రద్దయితే ఎయిర్‌లైన్ ఇచ్చిన హోటలు కూపను పట్టుకుని వెళ్లి పడుకోకు. ముందు ఎయిర్‌లైన్ దగ్గర రద్దయినట్టు కాగితం రాయించుకుని, గడువు ముగియకముందే సరిహద్దు తనిఖీ అధికారులకు చూపించి ఏం చేయాలో అడుగు. గడువు మీరితే రోజుకు 500 యువాన్ల చొప్పున జరిమానా వేసే అధికారం వాళ్ల చట్టంలో ఉంది.

తిరుగు ప్రయాణంలోనూ దిగుతామంటే ఒక మాట. మీ అమ్మ చేతి సంచిలో కరివేపాకు, జామకాయలు, నెయ్యి పెడతానంటుంది. తాజా పళ్లు, ఆకులు, పాల సరుకులు వాళ్ల కస్టమ్స్ దగ్గర ఆపేస్తారు. వదినకు నేను చెప్తాలే, టికెట్టు కొనేముందు టైములు నాకు పంపు.

మీ బాబాయి