గోదాము ముందు కాంక్రీటు: డిపాజిట్ తీయాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: గుంటూరు–నరసరావుపేట రోడ్డు మీద మాకున్న గోదామును మిర్చి వ్యాపారులకు నెలకు రూ.1.10 లక్షల అద్దెకు ఇచ్చాను. ముందున్న 6,000 చదరపు అడుగుల స్థలం నల్లరేగడి కావడంతో వానాకాలంలో లారీలు దిగబడుతున్నాయి. కాంక్రీటు వేయిస్తే నెలకు రూ.9,000 పెంచి ఇస్తామంటున్నారు. ఒక కాంట్రాక్టరు 5 అంగుళాల మందానికి చదరపు అడుగుకు రూ.95, మరొకరు గ్రావెల్ పరచి రోలరుతో తొక్కించి 8 అంగుళాలు వేయడానికి రూ.190 అడిగారు. నాకు 7 శాతం వడ్డీ వచ్చే రూ.14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నాను. డిపాజిట్ తీయాలా, 10.5 శాతానికి అప్పు తీసుకోవాలా?

సమాధానం: డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తేల్చే ముందు ఎంత పెట్టాలో తేల్చుకోవాలి, ఎందుకంటే మీకు వచ్చిన రెండు కొటేషన్లలో ఏదీ ఉన్నదున్నట్టుగా మీకు గిట్టుబాటు కాదు.

పెరిగే అద్దె ఏడాదికి రూ.1,08,000. అద్దె ఆదాయంలో 30 శాతాన్ని, మీరు మరమ్మతులకు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా, చట్టమే మినహాయిస్తుంది. అందువల్ల కాంక్రీటుకు అయిన ఖర్చును విడిగా మినహాయించుకునే వీలు లేదు. మిగిలిన 70 శాతంపై 30 శాతం పన్ను కడితే, సెస్సును పక్కన పెట్టి, మీ చేతికి రూ.85,320 వస్తుంది. మీ డిపాజిట్‌పై పన్ను పోగా మిగిలేది 4.9 శాతం. ఆ డిపాజిట్‌లో అసలు భద్రంగా ఉంటుంది, కాంక్రీటులో పెట్టిన అసలు మాత్రం ఏటా కొంత అరిగిపోతుంది కాబట్టి, అది మన్నినన్నాళ్లలో అసలుతో సహా తిరిగి రావాలన్న షరతుతోనే ఈ రెండింటినీ పోల్చాలి.

5 అంగుళాల పనికి రూ.5.70 లక్షలు అవుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే నేల. దాని మీద నేరుగా వేసిన పలుచని పలక నిండు లారీల కింద అయిదేళ్లు నిలిచినా, మీకు తిరిగి వచ్చేది రూ.4.27 లక్షలే, ఆపైన పగిలిన ముక్కలను తవ్వి ఎత్తిపోయించే ఖర్చు అదనం. స్థలమంతా 8 అంగుళాలు వేస్తే రూ.11.40 లక్షలు అవుతుంది, 20 ఏళ్లు మన్నుతుందనుకున్నా రాబడి ఏడాదికి సుమారు 4.2 శాతం, అంటే డిపాజిట్ కంటే తక్కువ.

ఇక్కడ ఇంజినీర్ల లెక్క ఒకటి మనకు పనికొస్తుంది. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్డు పరీక్షల్లో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదని, దాదాపు 16 రెట్లవుతుందని తేలింది. కాబట్టి లారీ చక్రం తిరిగే చోటుకూ, కార్లు, మోటారు సైకిళ్లు నిలిపే చోటుకూ ఒకే మందం వేయడం డబ్బు వృథా. గేటు నుంచి లోడింగ్ అరుగు వరకు, లారీ తిరగడానికి కావలసిన జాగాతో కలిపి 3,500 చదరపు అడుగులకు 8 అంగుళాల ఎం30 (కాంక్రీటు బలాన్ని తెలిపే గ్రేడు) కాంక్రీటు వేయించండి, దీనికి రూ.6.65 లక్షలు. మిగిలిన 2,500 చదరపు అడుగుల్లో గ్రావెల్ మీద 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు చాలు. చదరపు అడుగుకు రూ.90 అనుకుంటే రూ.2.25 లక్షలు. ఆ భాగంలోకి లారీలు రాకుండా గట్టి రాతి స్తంభాలు పాతించండి, లేకపోతే మొదటి సీజనులోనే బ్లాకులు కుంగుతాయి.

ఇదీ 20 ఏళ్లు మన్నుతుందనుకుంటే, మొత్తం రూ.8.90 లక్షలకు రాబడి 7.2 శాతం వరకు వస్తుంది, డిపాజిట్ కంటే నయం. అప్పు వడ్డీని మాత్రం అద్దె ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. అయినా 10.5 శాతం వడ్డీ పన్ను ఆదా పోగా 7.35 శాతం భారమవుతుంది, అంటే వచ్చిన రాబడి మొత్తాన్నీ మించి బ్యాంకుకే పోతుంది. అందుకే డిపాజిట్ నుంచే పెట్టండి; ఇంటి అవసరాలకు ఇంకా రూ.5.10 లక్షలు మిగులుతాయి. డిపాజిట్ గడువు దగ్గరలో ఉంటే అప్పటిదాకా ఆగండి, ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది.

ఈ ధరల్లో జీఎస్టీ కలిసి ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే 18 శాతం కలిపి ఖర్చు రూ.10.50 లక్షలై, రాబడి 5 శాతం కంటే కాస్త ఎక్కువ దగ్గరికి తగ్గిపోతుంది. స్థిరాస్తి నిర్మాణం మీద కట్టిన ఈ పన్ను మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గింపుగా) తిరిగి రాదు. అప్పుడు అద్దె పెంపు రూ.11,000 అడగండి. బిల్లులు మాత్రం దాచి ఉంచండి, గోదాము అమ్మిన రోజున అభివృద్ధి ఖర్చుగా మూలధన లాభంలోంచి తగ్గించుకోవచ్చు.

అద్దెదారులు నోటిమాటగా ఇచ్చిన హామీ మీద ఇంత డబ్బు పెట్టకండి. కనీసం అయిదేళ్ల లాక్-ఇన్‌తో (మధ్యలో ఖాళీ చేయకూడదన్న షరతుతో), పెంచిన అద్దెను రాసి, లీజును రిజిస్టరు చేయించాకే కాంట్రాక్టరుకు బయానా ఇవ్వండి.

మందం మీద మోసం జరగడం ఈ పనిలో మామూలే, దానికి టేపు కంటే రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) చలాన్లే నమ్మకమైన సాక్ష్యం. పైన చెప్పిన 3,500 చదరపు అడుగులకు 8 అంగుళాల మందాన 66 ఘనపు మీటర్లు, అంటే 6 ఘనపు మీటర్లు పట్టే మిక్సరు లారీలు 11 రావాలి. 7 లారీలతో పని ముగిసిందంటే అది 5 అంగుళాల పనే. నాలుగున్నర మీటర్లకొక జాయింటును (పగుళ్లు అడ్డదిడ్డంగా రాకుండా కోసే గీతను) మర్నాటిలోగా కోయించడం, 14 రోజులు తడపడం, 28 రోజుల దాకా లారీలను ఎక్కనివ్వకపోవడం ఒప్పందంలో రాయించి, బిల్లులో 10 శాతాన్ని ఆ 28 రోజుల తర్వాతే చెల్లించండి. ఫిబ్రవరిలో కొత్త మిర్చి లారీలు మొదలయ్యే లోగా ఈ గడువు తీరాలంటే డిసెంబరు నెలాఖరులోగా కాంక్రీటు పోయడం పూర్తి కావాలి.